మద్రాసులో ఒక్క రోజు: మా నాయన్ని తీసుకోని పోతాండా, ఏం చూపించాలో చెప్పండబ్బా

అలిపిరి_మెట్టు
మంగళవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. విషయం ఏందంటే మా నాయనకి 74 ఏళ్ళు, 1974లో ఆర్టీసీలో కండక్టరుగా చేరినాడు, సర్వీసులో సగం తిరుపతి–మద్రాసు బస్సులోనే గడిచింది. వారానికి మూడు నాలుగు సార్లు పోయొచ్చిన మనిషి మద్రాసులో చూసిందేందయ్యా అంటే బస్టాండు, బస్టాండు పక్కన టీ అంగడి, అంతే. మేమన్నా అంతే లెండి, చెన్నై అంటే ఒకటి ఆస్పత్రి, రెండు పెండ్లి గుడ్డలు, మూడో పని మీద ఎప్పుడూ పోలేదు.

మొన్న కంటి చెకప్పుకి పోయి వస్తా ఉంటే కారు హైకోర్టు ముందర సిగ్నల్లో ఆగింది. నాయన అద్దంలోంచి తల బయటికి పెట్టి "ఆ కోర్టు గోపురం మీద రాత్రిళ్ళు లైటు తిరిగేదిరా, బస్సు టాపు మీద పండుకోని చూసేవాణ్ణి" అన్నాడు. ఈ మాట మా ఇంట్లో చిన్నప్పట్నించీ వింటానే ఉండాము. కోర్టు మీద లైటు ఎందుకు తిరుగుతాది, జడ్జీలకి దారి కనపడకనా అని మా అమ్మ ఎగతాళి చేసేది, మేమూ నవ్వేవాళ్ళం. ఆయన మాత్రం ఆ మాట వదల్లేదు.

సరే ఈసారి ఆస్పత్రి కాకుండా ఊరు చూపిద్దామని. నాయన, నేను, ఎనిమిదో తరగతి చదివే మా పాప. పొద్దున్నే ట్రైన్, రాత్రికి తిరిగి రావల్ల. మోకాళ్ళ నొప్పులుండాయి, నడుస్తాడు గానీ మెట్లెక్కువ కుదరవు. షాపింగు వద్దు, బీచి అసలే వద్దు. పాత కట్టడాలు కావాలి. వచ్చే శుక్రవారం పాపకి సెలవు, ఆ రోజే అనుకుంటాండా.

---

మైలాపూర్_తిరుపతోడు
మంగళవారం, రాత్రి 9:31

అన్నా ముందు ఆ శుక్రవారం మానుకోండి!! సెయింట్ జార్జి కోటలో మ్యూజియం శుక్రవారం సెలవు, ఎగ్మోర్ మ్యూజియం కూడా శుక్రవారమే సెలవు. పదేళ్ళుగా ఇక్కడుంటున్నా, మన ఊరి నుంచి వచ్చిన చుట్టాల్ని రెండు సార్లు ఆ గేటు దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చిన ఘనుణ్ణి నేను. శనివారం రండి.

---

అలిపిరి_మెట్టు
మంగళవారం, రాత్రి 9:40

అయ్యో ట్రైన్ టికెట్ కూడా చేసేసినా. సరే క్యాన్సిల్ చేసి శనివారానికి మారుస్తా. నూరు రూపాయలు పోతే పోయినాయి. థాంక్స్ తమ్ముడూ.

---

ఫుల్‌టూర్_మామ
మంగళవారం, రాత్రి 10:05

బ్రదర్ ఈ ప్లాన్ ఫాలో అవ్వండి ఒక్క రోజులో మొత్తం కవర్ అయిపోతుంది. సెంట్రల్లో దిగి రిప్పన్ బిల్డింగ్, విక్టోరియా హాల్, అక్కడి నుంచి సెయింట్ జార్జి కోట, హైకోర్టు, ఎగ్మోర్ మ్యూజియం, కన్నెమరా లైబ్రరీ, సెనేట్ హౌస్, చేపాక్ ప్యాలెస్, వివేకానందర్ ఇల్లం, పార్థసారథి గుడి, శాంథోమ్ చర్చి, కపాలీశ్వరుడు, రాత్రి టీనగర్లో షాపింగ్ చేసుకుని బస్సెక్కెయ్యండి. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే హ్యాపీగా అయిపోతుంది.

---

పుత్తూరు_పిల్ల
మంగళవారం, రాత్రి 10:11

మామా, ఆయన నాయన 74 ఏళ్ళ పెద్దమనిషి, ఒలింపిక్స్‌కి పోవడంలేదు 😂 మోకాళ్ళ నొప్పులని ఆయనే రాసినాడు, చదివినావా అసలు?

---

ఫుల్‌టూర్_మామ
మంగళవారం, రాత్రి 10:13

ఆటోలో తిరిగితే నడక ఏముందమ్మా

---

పాతకాగితాలు
మంగళవారం, రాత్రి 11:20

అలిపిరి మెట్టు గారూ, ప్లాన్ సంగతి తర్వాత. ముందు మీ ఇంట్లో అందరూ కలిసి మీ నాయనగారికి క్షమాపణ చెప్పండి.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మద్రాసు హైకోర్టు భవనం 1892లో పూర్తయింది. దాని అన్నిటికంటే ఎత్తైన గోపురం మీదే 1894 నుంచి లైట్‌హౌస్ దీపం పెట్టారు, ఓడలకి దారి చూపేది అదే. 1977లో మెరీనా దగ్గర ఎర్ర తెల్ల పట్టీల కొత్త లైట్‌హౌస్ వచ్చాక కోర్టు మీది దీపం ఆపేశారు. మీ నాయన 1974లో చేరారంటున్నారు. అంటే ఆ దీపం ఆఖరి రెండు మూడేళ్ళు బస్సు టాపు మీద నుంచి చూసిన మనిషి ఆయన. అప్పట్లో బయటూరి బస్సులన్నీ హైకోర్టు ఎదురుగా బ్రాడ్‌వేలోనే ఆగేవి, కోయంబేడు 2002లో కదా వచ్చింది. పడుకుంటే కళ్ళెదురుగా ఆ గోపురమే.

ఇంకో ముచ్చట చెప్తా. ఆ దీపం కోర్టు మీదికి రాకముందు ఇంకో రెండు చోట్ల ఉండేది. మొట్టమొదటిది 1796లో, కోటలో ఎక్స్ఛేంజి అనే భవనం మిద్దె మీద, కొబ్బరినూనె దీపాలతో. ఆ భవనమే ఇప్పటి కోట మ్యూజియం. తర్వాత 1844లో ఇప్పటి హైకోర్టు కాంపౌండులోనే రాతి స్తంభం కట్టి దాని మీదికి మార్చారు, ఆ స్తంభం ఇప్పటికీ ఉంది. అది చాలక కోర్టు గోపురం, అటుపైన మెరీనా. మొత్తం నాలుగు చోట్లు. మీ స్థానంలో నేనుంటే గుళ్ళూ గోపురాలూ అన్నీ పక్కనబెట్టి ఆ దీపం వెంటే తిరుగుతా.

---

అలిపిరి_మెట్టు
మంగళవారం, రాత్రి 11:34

సార్ ఇది చదివి నాకు నోట మాట లేదు. నాయన పండుకున్నాడు, పొద్దున చెప్తా. మా అమ్మకి ఇప్పుడే చదివి వినిపించినా, "అవునా" అని ఒక్క మాటంటే ఒక్క మాటని అట్నే కూచోనింది.

---

చంద్రగిరి_చిన్నోడు
బుధవారం, పొద్దున 7:02

కోటకి పోయినప్పుడు ఒక సంగతి పాపకి చెప్పండి అన్నా, ఆ కోట కట్టుకోమని ఇంగ్లీషోళ్ళకి జాగా ఇచ్చిన కాగితం మీద సంతకం పడింది మా చంద్రగిరి రాజమహల్లోనే. 1639. అంటే చెన్నై మొత్తానికి రిజిస్టర్ ఆఫీసు మా ఊరే 😎

---

పాతకాగితాలు
బుధవారం, పొద్దున 8:15

చిన్నోడూ, ఈ మాట చంద్రగిరి వచ్చే ప్రతి టూరిస్టుకీ చెప్తారని తెలుసు, గర్వంగానే ఉంటుంది, కాదనను. కానీ కొంచెం సర్దుకోవాలి. ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి కౌలు ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు, ఆయన ఉన్నది వందవాసిలో. ఆయన తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూనమల్లిలో. వీళ్ళిద్దరి పైన ఉన్న ప్రభువు మాత్రం విజయనగర రాయలు, చంద్రగిరి ఆయన రాజధాని. తేదీ 22 ఆగస్టు 1639 అని చెన్నై వాళ్ళు ఏటా మద్రాస్ డే చేసుకుంటారు. తర్వాత 1645లో మూడో శ్రీరంగరాయలు మళ్ళీ కొత్తగా కౌలు రాసిచ్చాడు. కాబట్టి పైన అధికారం చంద్రగిరిదే, సంతకం రాజమహల్లోనే పడిందా అంటే అది జనం చెప్పుకునే మాట.

---

చంద్రగిరి_చిన్నోడు
బుధవారం, పొద్దున 8:22

సార్ మా తాత చెప్పినాడు, మా తాతకి వాళ్ళ తాత చెప్పినాడు. మీరు కాగితాలు చూసుకోండి, మేము రాజమహల్ చూసుకుంటాం 😄

---

పుత్తూరు_పిల్ల
బుధవారం, పొద్దున 8:40

ఇద్దరూ కొట్టుకోకండి. చెన్నపట్నం అనే పేరు ఆ వెంకటాద్రి వాళ్ళ నాయన చెన్నప్ప నాయకుడి పేరు మీదే కదా సార్? ఆ లెక్కన సగం క్రెడిట్ మనోళ్ళకి వచ్చినట్టే.

---

పాతకాగితాలు
బుధవారం, పొద్దున 8:52

అవునమ్మా, ఎక్కువమంది చెప్పేది అదే.

---

చిత్తూరు_బెల్లం
బుధవారం, మధ్యాహ్నం 1:30

ట్రైన్లో పోతే తిరుత్తణి దాటేటప్పుడు పాపకి చూపించన్నా. 1960 దాకా అది మన చిత్తూరు జిల్లానే. మా అవ్వది తిరుత్తణి పక్క పల్లె, ఆమె చచ్చిపోయేదాకా "నేను ఊరు మారలా, ఊరే జిల్లా మారింది" అనేది. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, తిట్టడానికి రెండూ.

అట్నే టైముంటే మైలాపూర్లో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం చూడండి. బులుసు సాంబమూర్తి గారిల్లు అది. శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం అక్టోబర్ 19, 1952న ఆడే దీక్షకి కూచున్నాడు, డిసెంబర్ 15 రాత్రి పోయినాడు. చెన్నై పోయే తెలుగోళ్ళలో నూటికి తొంభైతొమ్మిది మందికి అది యాడుందో తెలీదు.

---

మైలాపూర్_తిరుపతోడు
బుధవారం, మధ్యాహ్నం 2:05

నేను ఆ రోడ్డు మీదే రోజూ బండిలో పోతా. మొదటి రెండేళ్ళు నాకూ తెలీదు, సిగ్గుపడాల్సిన విషయమే.

అన్నా నా సలహా ఇది. సెంట్రల్లో దిగగానే ఆటోల వాళ్ళు మూగుతారు, వాళ్ళని పట్టించుకోకుండా నేరుగా మెట్రో. ఒక్క స్టేషనే, హైకోర్టు. లిఫ్టు ఉంది, మెట్ల బాధ లేదు. అక్కడ నాయనకి ఆ గోపురం చూపించండి, లోపలికి ఊరికే వదలరు, బయట నుంచే. అక్కడి నుంచి కోట. కోటలోనే సెక్రటేరియట్, అసెంబ్లీ ఉండడంతో గేటు దగ్గర పోలీసు చెకింగు ఉంటుంది, ముగ్గురూ ఆధార్ కార్డు పెట్టుకోండి, మర్చిపోవద్దు. మధ్యాహ్నం ఎగ్మోర్ మ్యూజియం. సాయంత్రం ఓపికుంటే మెరీనా లైట్‌హౌస్, అక్కడ కూడా లిఫ్టు ఉంది, పైనుంచి చూడొచ్చు కానీ పెందలాడే వెళ్ళాలి. తిరిగొచ్చేటప్పుడు బస్సయితే మన ఆంధ్రా బస్సులు కోయంబేడు కాదు, మాధవరం. అది గుర్తుపెట్టుకోండి, చాలామంది పాత అలవాటు కొద్దీ కోయంబేడు పోయి నిలబడతారు.

---

టీచరమ్మ_పలమనేరు
బుధవారం, రాత్రి 8:18

ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి గ్యాలరీ అస్సలు మిస్ కావద్దండీ. మా పిలకాయల్ని ఒకసారి ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్ళాను. మన అమరావతి స్తూపం రాళ్ళు, కాలిన్ మెకంజీ 1797లో మొదట చూసి వెలుగులోకి తెచ్చాడు, తర్వాత తవ్విన వాటిలో కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంకి పోయాయి, చాలా వరకు ఇక్కడే ఉన్నాయి. పాపని ముందుగానే ఒక ప్రశ్న అడిగి పంపండి: నలగిరి అనే మదపుటేనుగు చెక్కిన గుండ్రాయి ఒకటుంది, అందులో ఏనుగులెన్ని? జవాబు ఇక్కడ చెప్పను.

---

అలిపిరి_మెట్టు
గురువారం, రాత్రి 9:50

అందరికీ చాలా థాంక్స్. శనివారం కన్ఫర్మ్. నాయనకి లైటు విషయం చెప్పినా. ఏం సంతోషపడలేదు, "నేను చెప్తే నమ్మలా, ఎవరో ఊరూ పేరూ తెలీనోళ్ళు రాస్తే నమ్మినారా" అని ఒక చురక వేసినాడు. అదీ నిజమే.

---

ఫుల్‌టూర్_మామ
శనివారం, మధ్యాహ్నం 12:10

ఏమైంది బ్రదర్ ఎన్ని కవర్ చేశారు? అప్‌డేట్ ఇవ్వండి

---

అలిపిరి_మెట్టు
ఆదివారం, సాయంత్రం 6:45

పోయొచ్చినాం. వివరంగా రాస్తా, పొడుగు ఉంటాది, ఓపికుంటే చదవండి.

ట్రైన్ బాగానే ఉండింది. పుత్తూరు దాటినాక ఇడ్లీ పొట్లాలు విప్పినాం, ఊరుబిండి వాసనకి పక్క సీటోళ్ళు మా వైపే చూసినారు, పెట్టినాం. తిరుత్తణి వస్తానే పాపకి చూపించినా, కొండ మీద గుడి కనిపించింది, చేతులెత్తి దండం పెట్టుకోనింది. సెంట్రల్ దగ్గర ఇప్పుడు బోర్డు మీద పేరు చదవడానికే ఒక నిమిషం పడతాది, పురట్చి తలైవర్ డాక్టర్ ఎంజీ రామచంద్రన్ సెంట్రల్. నాయన ఆ బోర్డు కింద నిలబడి మొత్తం చదివి "టికెట్ మీద ఇది కొట్టాలంటే రోలు సగం అయిపోతాది" అన్నాడు. కండక్టరు బుద్ధి యాడికి పోతాది.

బయటికొస్తానే పక్కన రిప్పన్ బిల్డింగ్ తెల్లగా, 1913 నాటిదంట, పాప రెండు ఫోటోలు తీసుకోనింది, అంతే. మెట్రోలో నాయన మొదటిసారి. భూమి కింద పోతాండామని చెప్తే నమ్మలేదు, కిటికీలో చీకటి చూసి మాట్లాడలేదు.

హైకోర్టు స్టేషన్ పైకి వచ్చి ఇటు తిరిగితే ఎర్ర గోపురాలు. నాయన ఆ పేవ్‌మెంటు మీద అట్నే ఆగిపోయినాడు. ఆటోలు, బైకులు, పండ్ల బండ్లు, జనం ఒకరి మీద ఒకరు పడిపోతాండారు, ఈయన మాత్రం కదల్లా. తర్వాత చేత్తో చూపిస్తా మొదలుపెట్టినాడు, ఇదిగో ఈడ తిరువణ్ణామలై బస్సు, దాని పక్కన వేలూరు, ఆ గోడకానుకోని మన తిరుపతి బస్సు, టీ అంగడి ఆ మూలన, ఆ అంగడాయన నెల్లూరాయన, రాత్రి పదకొండు దాటితే టీలో నీళ్ళెక్కువ పోసేవాడంట. ఇప్పుడు ఆడ అవేమీ లేవు. గోపురం మాత్రం ఆడే ఉండాది. పై అంతస్తులో దీపం పెట్టిన చోటు అద్దాల గది లాగా ఇప్పటికీ కనపడతాది, వేలు పెట్టి చూపిస్తే నాకూ తెలిసింది. "టాపు మీద పండుకుంటే ఒకసారి మొహం మీద వెలుగు, ఒకసారి చీకటి. నిద్ర పట్టేది కాదు, అయినా బాగుండేది" అన్నాడు. మా అమ్మకి వీడియో కాల్ చేసి చూపించినాడు. అమ్మ "సరేలే, కాఫీ తాగినారా" అని మాట మార్చింది 😀

ఆ గోడ దగ్గరే ఎమ్డెన్ అనే జర్మనీ ఓడ గుండు పడిన చోట ఒక ఫలకం ఉండాది. 22 సెప్టెంబర్ 1914 రాత్రి ఒక్క ఓడ వచ్చి మద్రాసు మీద గుండ్లేసి పోయిందంట, అరవోళ్ళు ఇప్పటికీ గడుసోణ్ణి ఎమ్డన్ అని పిలుస్తారు. ఇది నాకు మైలాపూర్ తమ్ముడు ఫోన్లో చెప్పినాడు, లేకుంటే ఆ ఫలకం నేను చూసేవాణ్ణి కాదు.

కోట. ఇప్పుడు నా తప్పు చెప్తా. ఆధార్ కార్డులు గుర్తుపెట్టుకోమని తమ్ముడు ప్రత్యేకంగా రాసినాడు గదా, నాదీ పాపదీ పెట్టుకున్నా, నాయనది ఇంట్లో టీవీ మీద పెట్టి వచ్చేసినా. గేటు దగ్గర నిలబడి సంచి మొత్తం వెతికినా. నాయన నిదానంగా చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసినాడు, అందులో ఆధార్ జిరాక్సు, ఓటరు కార్డు, పెన్షన్ పుస్తకం, పాత ఆర్టీసీ ఐడీ కార్డు. ముప్పై ఏళ్ళు చెకింగోళ్ళతో సావాసం చేసిన మనిషి. ఓటరు కార్డు చూసి లోపలికి వదిలినారు.

---

అలిపిరి_మెట్టు
ఆదివారం, సాయంత్రం 7:20

రెండో భాగం.

సెయింట్ మేరీస్ చర్చి ముందు చూసినాం, 1680 నాటిది. బయట నేలంతా సమాధి రాళ్ళే, వాటి మీదే నడవాలి. పాప అడుగేయనంటాది, సమాధులు తొక్కుతామా అని. ఆడున్న పెద్దాయన ఒకాయన చెప్పినాడు, ఈ రాళ్ళు మొదట ఇక్కడివి కావంట, కోట బయట స్మశానంలో ఉండేవంట, 1758లో ఫ్రెంచోళ్ళు ముట్టడి వేసినప్పుడు ఆ సమాధుల చాటున నక్కి కాల్పులు జరిపినారంట, అందుకని తర్వాత రాళ్ళు పెరికి తెచ్చి ఈడ పరిచినారంట. కింద ఎవరూ లేరు తల్లీ అంటే అప్పుడు నడిచింది. పైకప్పు గుండ్లు పడ్డా కూలకుండా మందంగా కట్టినారు, లోపల చల్లగా ఉండాది, నాయన వెనక బెంచీలో పావుగంట కూచున్నాడు. రాబర్ట్ క్లైవు పెండ్లి 1753లో ఈ చర్చిలోనే జరిగిందంటే పాప "మా పాఠంలో ఉండే క్లైవేనా, ఆయనకి పెండ్లి కూడా అయ్యిందా" అనింది.

మ్యూజియం. నా దృష్టిలో ఈ రోజు మొత్తానికి ఇదే. పాతకాగితాలు సార్ చెప్పిన మొదటి దీపం ఈ మిద్దె మీదే గదా అని నాయన బయట నిలబడి పైకి చూసినాడు. "కొబ్బరినూనె దీపానికి ఓడలెట్ల వచ్చేవో" అని ఒకటే అనుమానం. లోపల కత్తులు, నాణేలు, పింగాణీ పళ్ళేలు, పెద్ద పెద్ద దొరల బొమ్మలు, అవన్నీ గబగబా చూసుకుంటా పోయినాం. చివర్లో ఒక గదిలో వెలుగు తగ్గించి పెట్టినారు, అద్దం వెనక జెండా. 15 ఆగస్టు 1947 పొద్దున ఈ కోట మీద ఎగరేసిన పట్టు జెండా అది, 12 అడుగుల పొడుగు, 8 అడుగుల వెడల్పు. రంగులు వెలిసిపోయినాయి, తెలుపు పసుపెక్కింది, మడత పడిన చోట పట్టు పోగులు విడిపోతాండాయి. నేను వెనక్కి తిరిగి చూస్తే నాయన గుమ్మం అవతల చెప్పులు విప్పుతాండాడు. సెక్యూరిటీ అబ్బాయి అరవంలో ఏందో అన్నాడు, చెప్పులు పర్లేదు తాతా రండి అన్నట్టు. ఈయన కూడా అరవంలోనే జవాబు చెప్పినాడు, బడిలో జెండా దగ్గరికి చెప్పులతో పోయేవాళ్ళం కాదు సామీ అని. ఆ అబ్బాయి ఇంకేమీ అనలా. మేం బయటికి వచ్చేటప్పుడు చూస్తే ఆ చెప్పులు ఎవరూ తొక్కకుండా గోడ వారకి జరిపి పెట్టినాడు.

మధ్యాహ్నం భోజనం సంగతి పెద్దగా లేదు, పెరుగన్నం తిన్నాం. అక్కడి నుంచి ఎగ్మోర్‌కి ఆటో. ఆటోవాడు మాటల్లో తిరుపతి అని తెలిసి 300 అన్నాడు, నాయన అరవంలో రెండు మాటలన్నాడు, 150కి దిగినాడు. ఆ రెండు మాటలు ఏందో నాకు చెప్పలేదు, పాప ముందర చెప్పేవి కావంట.

టీచరమ్మ గారూ, మీ ప్రశ్న మా కొంప ముంచింది. గంటలో అయిపోవాల్సిన మ్యూజియం రెండున్నర గంటలు పట్టింది. పాప ముందు "రెండు ఏనుగులు" అనింది. మళ్ళీ చూసి "కాదు, ఒకటే ఏనుగు, రెండు సార్లు" అనింది. ఎడమ పక్క తొండంతో మనిషి కాలు పట్టి ఎత్తుతా ఉండాది, జనం చెల్లాచెదరు, కుడి పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందర మోకాళ్ళ మీద వంగింది. పైన మేడ కిటికీల్లోంచి ఆడోళ్ళు తొంగి చూస్తాండారు. ఇదంతా ఒక గుండ్రటి రాయిలో. నాయన దగ్గరికి పోయి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకోని చూసి "బ్రహ్మోత్సవాల్లో మాడ వీధుల్లో జనం మేడల మీద ఎక్కి చూసినట్టే ఉండాది" అన్నాడు. నిజంగా అట్నే ఉండాది.

అంతే, టైము అయిపోయింది. మెరీనా లైట్‌హౌస్ దగ్గరికి పోయేటప్పటికి గేటు మూసేసినారు. పెందలాడే పొమ్మని తమ్ముడు చెప్పినాడు, నాదే లేటు. పాప మొహం వేలాడేసింది. బీచి వద్దన్న మనిషి నాయనే "సరే పా, ఇసకలో కూచుందాం" అన్నాడు. సుండలు, అదే శనగ గుగ్గిళ్ళు, కొనుక్కోని కూచున్నాం. చీకటి పడింది. వెనకాల పైన దీపం వెలిగింది. రెండు సార్లు మెరుపు, మళ్ళీ చీకటి, మళ్ళీ రెండు మెరుపులు. నాయన సముద్రానికి వీపు పెట్టి కూచోని దాన్నే చూస్తాండాడు, బీచిలో అందరూ ఒక పక్కకి చూస్తాంటే ఈయన ఒక్కడే ఇటు పక్క. కొంచెం సేపటికి "ఇది త్వరగా తిరుగుతాది. మాది ఇంకా నిదానం" అన్నాడు.

మాధవరంలో రాత్రి బస్సెక్కినాం, కండక్టరుతో నాయనకి డ్యూటీల ముచ్చట్లు పడినాయి, తిరుపతి వచ్చేదాకా ఇద్దరూ నిద్రపోలా, మమ్మల్నీ పోనీయలా.

---

పుత్తూరు_పిల్ల
ఆదివారం, రాత్రి 7:48

అన్నా చెప్పుల దగ్గర ఏడిపించేసినారు. సుండలు దగ్గర నవ్వించినారు.

---

టీచరమ్మ_పలమనేరు
ఆదివారం, రాత్రి 8:02

పాపకి నూటికి నూరు. మా తరగతిలో ముప్పై మందిలో ఇద్దరే "ఒకటే ఏనుగు" అన్నారు.

---

ఫుల్‌టూర్_మామ
ఆదివారం, రాత్రి 8:30

అంటే మొత్తం నాలుగే చూశారా బ్రదర్ 😐 కపాలీశ్వరుడు, పార్థసారథి రెండూ మిస్. పార్థసారథి గుడిలో స్వామికి మీసాలుంటాయి, అది చూడకుండా ఎలా వచ్చారు

---

చిత్తూరు_బెల్లం
ఆదివారం, రాత్రి 8:41

పొట్టి శ్రీరాములు గారి ఇల్లు కూడా మిస్సే కదన్నా. ఈసారికి బాకీ.

---

అలిపిరి_మెట్టు
ఆదివారం, రాత్రి 8:55

బాకీ పెట్టుకున్నా అన్నా. మైలాపూర్‌కి ఒక పూట వేరేగా పోవల్ల. మామా, మీసాల స్వామి కూడా అప్పుడే.

---

మైలాపూర్_తిరుపతోడు
ఆదివారం, రాత్రి 9:10

అప్పుడు మా ఇంటికి భోజనానికి రావాలి, ఆ పెరుగన్నం కథ ఇంకోసారి వినను. వీలైతే తిరుమల బ్రహ్మోత్సవాల ముందు రండి. గరుడ సేవకి తిరుమల పోయే గొడుగులు మా ఊళ్ళో పూలబజారు చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచే ఊరేగింపుగా బయలుదేరతాయి. మన కొండ మీద స్వామికి పట్టే గొడుగు ఇక్కడ బయలుదేరుతుందని నాయనగారికి చెప్పండి.

---

అలిపిరి_మెట్టు
ఆదివారం, రాత్రి 9:22

చెప్పినా. "తెలుసు, ఆ రోజు ట్రాఫిక్‌లో మా బస్సు రెండు గంటలు ఆగిపోయేది" అన్నాడు.

---

చంద్రగిరి_చిన్నోడు
ఆదివారం, రాత్రి 9:40

ఇంగ్లీషోళ్ళ కోట చూసినారు గదా, ఇంక ఆ జాగా ఇచ్చినోళ్ళ కోట చూడకపోతే ఎట్ల? మీ ఇంటి నుంచి పన్నెండు కిలోమీటర్లు. రాజమహల్లోనే మ్యూజియం, మూడు అంతస్తులు, కట్టడంలో కట్టె ముక్క వాడలేదు, రాయి ఇటుక సున్నమే. నాయనగారిని తీసుకోని రాండి, నేనే దగ్గరుండి చూపిస్తా.

---

అలిపిరి_మెట్టు
ఆదివారం, రాత్రి 9:46

తప్పకుండా చిన్నోడా. సిగ్గు లేకుండా చెప్తాండా, నేను చంద్రగిరి కోట చూసింది ఆరో తరగతిలో. వచ్చే శుక్రవారం పాపకి మళ్ళీ సెలవుంది, ఆ రోజు వస్తాము.

---

చంద్రగిరి_చిన్నోడు
ఆదివారం, రాత్రి 9:47

అన్నా.

శుక్రవారం మా మ్యూజియం కూడా సెలవే.